ఎఫ్‌ఎంఆర్‌ఐ తర్వాత గాబా తీస్తే 3 పీపీఎం పీక్ వంకరగా వస్తోంది – మెగా-ప్రెస్ వాడేవాళ్లు ఒకసారి చూడండి

వోక్సెల్_వాణి:
అందరికీ నమస్తే. 3 టెస్లా ఎంఆర్‌ఐ స్కానర్ మీద మెగా-ప్రెస్‌తో, అంటే స్పెక్ట్రోస్కోపీలో ఒక పదార్థం సిగ్నల్‌ని మిగతావాటి నుంచి వేరుచేసే 'ఎడిటింగ్' పద్ధతితో, మెదడులోని గాబా అనే రసాయనాన్ని కొలుస్తున్నాం. వోక్సెల్ (కొలిచే మెదడు ముక్క) 3×3×3 సెంటీమీటర్లు, తల వెనక ఉండే ఆక్సిపిటల్ కార్టెక్స్‌లో పెడుతున్నాం, టీఈ (ఎకో సమయం) 68 మిల్లీసెకండ్లు, టీఆర్ (షాట్‌కీ షాట్‌కీ మధ్య సమయం) 2 సెకండ్లు, 320 యావరేజ్‌లు. ఫాంటమ్‌లో (రసాయనాలు నింపిన పరీక్ష సీసాలో) పీక్ చక్కగా వస్తోంది. వాలంటీర్లలో మాత్రం కొందరికి బాగుంటోంది, కొందరికి స్పెక్ట్రం స్కేలు మీద 3 పీపీఎం దగ్గర పీక్ ఒక పక్కకి ఒరిగి, ఆ పక్కనే కిందికి గుంట పడుతోంది. 3.2 దగ్గర, కోలిన్ అనే ఇంకో పదార్థం ఉండే చోట కూడా, పైకీ కిందికీ ఒక మెలిక. మా స్టడీలో ముందు ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పనితీరు చూసేది), తర్వాత డీటీఐ (నరాల దారులు చూసేది), చివర్లో స్పెక్ట్రోస్కోపీ. మనిషి కదిలాడేమో అనుకుందామంటే తల చుట్టూ దిండ్లు గట్టిగానే పెడుతున్నాం. ఇది ఫిట్టింగ్‌లో సరిచేసుకోవచ్చా, లేక ఆ డేటా పక్కన పెట్టేయాలా? ఒక్కో వాలంటీర్‌ని ఒప్పించి తీసుకురావడమే కష్టం, అందుకే టెన్షన్‌గా ఉంది.

కన్సోల్_కిరణ్:
వాణి గారూ, నేను విజయవాడలో ఎంఆర్ టెక్నాలజిస్టుని. స్పెక్ట్రోస్కోపీ రోజూ చేయను గానీ మీరు చెప్పిన వరస చూడగానే అనుమానం వచ్చింది. ఎఫ్‌ఎంఆర్‌ఐ, డీటీఐ రెండూ గ్రేడియంట్లని (ఫీల్డ్‌ని చోటుకో రకంగా మార్చే కాయిల్స్‌ని) విపరీతంగా వాడుకునే సీక్వెన్సులు. ఆ వేడికి స్కానర్ బోర్‌లో ఫీల్డ్‌ని సమంగా ఉంచడానికి పెట్టిన షిమ్ ఇనుప ముక్కలు కూడా వేడెక్కుతాయి, తర్వాత నెమ్మదిగా చల్లారుతుంటాయి. చల్లారుతున్నంతసేపూ మాగ్నెటిక్ ఫీల్డ్ కొంచెం కొంచెంగా జరుగుతూనే ఉంటుంది. మామూలు ఇమేజ్‌లో అది ఎవరి కంటికీ ఆనదు. స్పెక్ట్రోస్కోపీ మొదలుపెట్టే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి సెంటర్ ఫ్రీక్వెన్సీ రాసిపెట్టుకుని చూడండి. ఎంత జరిగిందో అక్కడే తెలిసిపోతుంది.

జె_కప్లింగ్:
కిరణ్ గారు పట్టుకున్నదే అసలు కారణం అయ్యుంటుంది. ఎందుకో కాస్త విడమరిచి రాస్తాను, ఫిట్టింగ్‌లో ఏది సరవుతుందో ఏది కాదో ఇక్కడే తేలుతుంది కాబట్టి.

గాబా మెదడులో లీటరుకు 1–2 మిల్లీమోళ్ల దగ్గర ఉంటుంది. సిగ్నల్ మూడు చోట్ల, 1.9, 2.3, 3.0 పీపీఎం దగ్గర వస్తుంది. 2.3 చోటంతా గ్లూటమేట్ ఆక్రమించేస్తుంది. 1.9 పక్కనే 2.0 దగ్గర ఎన్‌ఏఏ అనే ఇంకో పదార్థం కొండలా ఉంటుంది. 3.0 మీద క్రియాటిన్. క్రియాటిన్ గాఢతే గాబా కంటే కొన్ని రెట్లు ఎక్కువ, పైగా దాని మిథైల్ హైడ్రోజన్లు మూడూ కలిసి ఒకే సన్నటి గీతగా లేస్తాయి. అందుకే మామూలు ప్రెస్ (ఎడిటింగ్ లేని) స్పెక్ట్రం తీసి 3 టెస్లాలో గాబా ఎక్కడుందని వెతికితే కంటికి దొరకదు.

ఎడిటింగ్ చేసే పని ఇదీ. 3.0 దగ్గరున్న గాబా హైడ్రోజన్లు 1.9 దగ్గరున్న తమ పక్క హైడ్రోజన్లతో జె-కప్లింగ్‌లో ఉంటాయి (అంటే ఒకదాని వల్ల ఇంకోదాని సిగ్నల్ గీతలుగా చీలుతుంది), ఆ జె సుమారు 7.3 హెర్ట్జ్. క్రియాటిన్‌కి అలాంటి జత లేదు. కాబట్టి 1.9ని మాత్రమే తాకే సన్నటి ఆర్‌ఎఫ్ పల్స్ పెట్టి ఒక షాట్ తీస్తాం, అది ఆన్. అదే పల్స్‌ని 7.5 లాంటి దూరపు చోటికి జరిపి ఇంకో షాట్, అది ఆఫ్. టీఈ 68 ఎందుకంటే 1ని జెకి రెట్టింపుతో భాగిస్తే వచ్చేది అదే. ఆ సమయానికి ఆఫ్‌లో గాబా మూడు గీతల్లో అంచు గీతలు రెండూ తలకిందులవుతాయి, ఆన్‌లో నిటారుగానే ఉంటాయి, క్రియాటిన్ రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది. ఆన్ నుంచి ఆఫ్ తీసేస్తే క్రియాటిన్ పోతుంది, గాబా అంచు గీతలు మిగులుతాయి. మధ్య గీత కూడా క్రియాటిన్‌తో పాటే పోతుంది, అంటే దాదాపు సగం సిగ్నల్ వదులుకుని మరీ ఈ పద్ధతి వాడుతున్నాం.

ధాన్యం బస్తాతో సహా తూచి ఖాళీ బస్తా బరువు తీసేస్తాం కదా, ఇక్కడ బస్తా గింజల కంటే చాలా బరువు. రెండు తూకాల మధ్య కాటా ఏ కాస్త జరిగినా మిగిలే లెక్క తప్పుతుంది. మీకు 3.0 దగ్గర కనిపించే గుంట పూర్తిగా చెరగని క్రియాటిన్, 3.2 దగ్గరి మెలిక పూర్తిగా చెరగని కోలిన్.

ఇది డ్రిఫ్ట్ వల్ల, అంటే ఫీల్డ్ ఇలా జరగడం వల్ల, కలిగే మొదటి నష్టం, దీన్ని తర్వాత సరిచేయొచ్చు. రెండోది చాలామంది పట్టించుకోరు, నాకు అదే బాధ. ఫీల్డ్ జరిగితే మీ ఎడిటింగ్ పల్స్ 1.9 మీద పడదు. 3 టెస్లాలో 1 పీపీఎం అంటే సుమారు 128 హెర్ట్జ్, అంటే 10 హెర్ట్జ్ జరిగితే పల్స్ దాదాపు 0.08 పీపీఎం పక్కన పడ్డట్టు. గాబా ఎంత ఎడిట్ అయిందన్నదే మారిపోతుంది. స్కాన్ అయిపోయాక స్పెక్ట్రాలని ఎంత అందంగా వరసలో పెట్టినా ఆ పల్స్ వెళ్లి మళ్లీ సరైన చోట పడదు.

బేసిస్‌సెట్:
పైన రాసినదానికి సాఫ్ట్‌వేర్ వైపు నుంచి. వాణి గారూ, మీ దగ్గర 320 షాట్లు విడివిడిగా ఉన్నాయా, లేక స్కానర్ సగటు చేసి ఇచ్చిన రెండు స్పెక్ట్రాలేనా? రెండోదైతే చేయగలిగింది చాలా తక్కువ. విడి షాట్లు ఉంటే, అంటే స్కానర్ ఇచ్చే ముడి డేటా ట్విక్స్ ఫైలో, పీ-ఫైలో, ఎస్‌డాట్‌లో విడివిడిగా ఎగుమతి చేసినవో, స్పెక్ట్రల్ రిజిస్ట్రేషన్ చేయొచ్చు. ప్రతి షాట్‌నీ ఫ్రీక్వెన్సీలోనూ ఫేజ్‌లోనూ ఒక రిఫరెన్స్‌కి సరిపెట్టి, ఆ తర్వాతే ఆన్, ఆఫ్ తీసివేత. పరిశోధకుడు జేమీ నియర్ బృందం తెచ్చిన పద్ధతి అది, ఇప్పుడు గన్నెట్, ఆస్ప్రే, ఎఫ్‌ఎస్‌ఎల్-ఎంఆర్‌ఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లన్నిట్లో షాట్లని సరిపెట్టే దశ ఉంది. గన్నెట్ అయితే డ్రిఫ్ట్ గ్రాఫ్ కూడా గీసి చూపిస్తుంది. ముందు ఆ గ్రాఫ్ చూడండి, ఫిట్ ఎర్రర్ శాతం తర్వాత. చాలా పేపర్లలో ఫిట్ ఎర్రర్ ఒక్కటే రాసి ఊరుకుంటారు. క్రియాటిన్ మిగులు మీద నీట్‌గా ఫిట్ కూర్చున్నా ఎర్రర్ తక్కువే వస్తుంది కదండీ.

ఇంకొకటి. మీ సీక్వెన్స్‌లో ఆన్, ఆఫ్ ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయా, లేక ముందు 160 ఆన్, తర్వాత 160 ఆఫ్ వస్తున్నాయా? రెండో రకమైతే వెంటనే మార్చండి.

గోదావరి_గట్టు:
అన్నలూ అక్కలూ, మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. నాకు ఫిజిక్స్ రాదు. గాబా తక్కువైతే ఆందోళన, నిద్ర పట్టకపోవడం వస్తాయని ఎక్కడో చదివాను. నాకు రెండూ ఉన్నాయి. ఈ స్కాన్ చేయించుకుంటే నా గాబా ఎంతుందో తెలుస్తుందా? ఎంత ఖర్చవుతుంది?

డాక్_సుధ:
తమ్ముడూ, నేను న్యూరోరేడియాలజిస్టుని, సూటిగా చెప్తాను. ఈ స్కాన్‌తో నీకు వైద్యం తేలదు, దీనికోసం డబ్బు పెట్టొద్దు.

వీళ్లు కొలుస్తున్నది 27 మిల్లీలీటర్ల మెదడు ముక్కలో ఉన్న గాబా మొత్తం. అందులో నరకణాల లోపల నిల్వ ఉన్నది, జీవక్రియలో తిరుగుతున్నది అన్నీ కలిసే ఉంటాయి. సైనాప్స్ దగ్గర ఆ క్షణంలో ఎంత విడుదలవుతోందో ఈ సంఖ్య చెప్పదు. పైగా గ్రే మ్యాటర్‌లో గాబా వైట్ మ్యాటర్ కంటే సుమారు రెట్టింపు, మెదడు చుట్టూ ఉండే ద్రవంలో లేనట్టే. వోక్సెల్ కాస్త అటు జరిగినా నీ సంఖ్య మారుతుంది. ఇరవై మంది, ముప్పై మంది ఉన్న రెండు గుంపుల సగటులో తేడా వెతకడానికి పనికొస్తుందే గానీ ఒక మనిషిని పట్టుకుని ఇతనికి గాబా తక్కువ అనడానికి ఒప్పుకున్న నార్మల్ రేంజ్ లేదు.

ఆందోళనకి, నిద్రకి మంచి వైద్యం ఉంది. దగ్గర్లో ఒక సైకియాట్రిస్టుని కలువు, ఆలస్యం చేయకు.

అలాగని ఈ సిగ్నల్ ఉత్తదని కాదు. వైగాబాట్రిన్ అనే మూర్ఛ మందు గాబాని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపుతుంది. ఆ మందు వాడుతున్న రోగుల మెదడులో గాబా పెరగడాన్ని 1990ల్లోనే యేల్ బృందం ఎడిటింగ్‌తో చూపించింది. గాబా నిజంగా పెరిగితే ఈ పీక్ కూడా పెరుగుతుందని అక్కడే తేలింది.

గోదావరి_గట్టు:
థాంక్స్ డాక్టరమ్మా. స్కాన్ సంగతి వదిలేస్తాను, అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.

వోక్సెల్_వాణి:
బేసిస్‌సెట్ గారూ, విడి షాట్లు ఉన్నాయి, ఆన్ ఆఫ్ కూడా మార్చి మార్చే వస్తున్నాయి. గన్నెట్‌లో డ్రిఫ్ట్ గ్రాఫ్ చూశాను. పీక్ వంగిన స్కాన్లన్నిట్లో నీటి ఫ్రీక్వెన్సీ మొదటి నుంచి చివరి దాకా ఒకే దిక్కుకి జారుతూ వెళ్లింది. బాగున్నవాటిలో గీత దాదాపు అడ్డంగా ఉంది. డైరీ తీసి చూస్తే బాగున్నవాళ్లకి ఏదో కారణంతో డీటీఐ వదిలేశారు! కిరణ్ గారికి దండం.

ఇంకో సందేహం. రివ్యూవర్ ఒకరు మా పాత డ్రాఫ్ట్ చూసి, గాబా అనొద్దు, గాబా ప్లస్ అని రాయమన్నారు. ఆ పీక్‌లో మాక్రోమాలిక్యూల్ (ప్రొటీన్ల లాంటి పెద్ద అణువుల సిగ్నల్) కూడా కలిసి ఉందని తెలుసు గానీ మా గైడ్ సర్ "అది అందరికీ ఒకేలా ఉంటుంది, తేడాలో కొట్టుకుపోతుంది" అంటున్నారు. నిజమేనా?

జె_కప్లింగ్:
రివ్యూవర్ మాట సరైనది. ప్రొటీన్ల లైసీన్ భాగంలో 3.0 దగ్గరున్న హైడ్రోజన్లు 1.7 దగ్గరున్నవాటితో కప్లింగ్‌లో ఉంటాయి. మీ పల్స్ 1.9 మీద పెట్టినా దానికి కొంత వెడల్పు ఉంటుంది, 1.7ని కూడా తాకుతుంది. కాబట్టి ఆ ప్రొటీన్ సిగ్నల్ కూడా ఎడిట్ అయి గాబా మీదే వచ్చి కూర్చుంటుంది. మామూలు మెగా-ప్రెస్‌లో 3.0 పీక్‌లో సుమారు సగం అదే. హోమోకార్నోసిన్ అనే ఇంకో పదార్థం కూడా కొంత కలుస్తుంది. సగం వేరే పదార్థం ఉన్న పీక్‌ని గాబా అని రాయడం చదివేవాళ్లకి అన్యాయం.

అందరికీ ఒకేలా ఉంటుందన్నది నిరూపణ లేని మాట. వయసుతో, జబ్బుతో మాక్రోమాలిక్యూల్ మారదని ముందే అనుకుని పేపర్ మొత్తం దాని మీద కట్టలేం. పైగా మీ డ్రిఫ్ట్ విషయం ఇక్కడ మళ్లీ వస్తుంది. పల్స్ 1.7 వైపు జారితే ఆ ప్రొటీన్ వాటా పెరుగుతుంది, అవతలి వైపు జారితే తగ్గుతుంది.

తీసేయాలంటే దారి ఉంది. ఆన్ 1.9 దగ్గర, ఆఫ్ 1.5 దగ్గర పెడతారు. రెండూ 1.7కి సమాన దూరం, కాబట్టి ప్రొటీన్ మీద ప్రభావం రెండింట్లో ఒకటే, తీసివేతలో పోతుంది. పల్స్ సన్నగా ఉండాలి, అంటే పొడవుగా ఉండాలి, అందుకే టీఈని 80 దాకా పెంచుతారు.

బేసిస్‌సెట్:
ఆ సిమెట్రిక్ పద్ధతిని కొత్తవాళ్లకి సిఫారసు చేయడం నాకు ఇష్టం లేదు. 1.9కీ 1.7కీ మధ్య దూరం 3 టెస్లాలో 26 హెర్ట్జ్ లోపే. ఫీల్డ్ ఐదారు హెర్ట్జ్ జరిగినా సమాన దూరం పోయి, ప్రొటీన్ సిగ్నల్ కొంత పైకో కిందికో మిగిలిపోతుంది. 2017లో బిగ్ గాబా స్టడీ వచ్చింది కదా, 24 సెంటర్లు, 272 మంది, మూడు కంపెనీల స్కానర్లు. మొత్తం డేటాలో గాబా ప్లస్ సంఖ్యల చెదురు (సగటు చుట్టూ వచ్చే తేడా) 12 శాతం ఉంటే, మాక్రోమాలిక్యూల్ తీసేసిన గాబాకి 28 శాతం ఉంది. ఇప్పటికే డ్రిఫ్ట్ ఉన్న సెటప్‌లో ఇది పెడితే గాబా తేడా చూస్తున్నారో మాగ్నెట్ తేడా చూస్తున్నారో తెలియదు.

జె_కప్లింగ్:
ఆ సంఖ్యలతో నాకు పేచీ లేదు. చెదురు ఎక్కువని చెప్పి, తక్కువ చెదురుతో వేరే పదార్థాన్ని కలిపి కొలిచి సంతోషపడటం మాత్రం నాకు నచ్చదు. ప్రశ్న గాబా గురించే అయితే గాబానే కొలవాలి, అందుకు ముందు ఫీల్డ్‌ని నిలకడగా పెట్టుకోవాలి. సీక్వెన్స్‌లోనే మధ్య మధ్య నీటి సిగ్నల్ తీసుకుని ఫ్రీక్వెన్సీని అప్పటికప్పుడు సరిచేసే వీలుంటే సిమెట్రిక్ పద్ధతి కూడా బాగానే పనిచేస్తుంది. ఆ వీలు లేనిచోట మీరన్నదే సరి, గాబా ప్లస్ తీసి గాబా ప్లస్ అనే రాయాలి.

బేసిస్‌సెట్:
దీనికి ఒప్పుకుంటాను.

ఆర్కే_నల్గొండ:
డాక్టర్ గారికి ఒక ప్రశ్న. మా బావకి మెదడులో గ్లయోమా (ఒక రకం గడ్డ) అన్నారు. బయాప్సీ అవసరం లేకుండా స్పెక్ట్రోస్కోపీలో 2-హైడ్రాక్సీగ్లూటరేట్ చూసి రకం చెప్పొచ్చని ఒక వీడియోలో విన్నాం. ఇది కూడా మీరు మాట్లాడుకుంటున్న ఎడిటింగేనా? ఇంట్లో అందరం ఆపరేషన్ తప్పుతుందేమోనని ఆశపడుతున్నాం.

డాక్_సుధ:
ఆర్కే గారూ, అవును, ఇది ఎడిటింగ్‌కి నిజంగా విలువున్న చోటు. కొన్ని గ్లయోమాల్లో ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. దానివల్ల కణాలు 2-హైడ్రాక్సీగ్లూటరేట్‌ని పోగుచేస్తాయని 2009లో తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో అది దాదాపు కనిపించదు, ఆ గడ్డల్లో మాత్రం లీటరుకు కొన్ని మిల్లీమోళ్లు ఉండొచ్చు. 2012లో రెండు బృందాలు రోగుల మెదడులోనే దాన్ని స్కానర్‌తో గుర్తించి చూపించాయి. 2.25 పీపీఎం దగ్గరి దాని పెద్ద సిగ్నల్ గ్లూటమేట్, గ్లూటమిన్, గాబాల గుంపులో పడిపోతుంది. అందుకని 1.9 మీద పల్స్ పెట్టి 4.02 దగ్గర లేచే సిగ్నల్‌ని ఎడిటింగ్‌తో బయటికి తీస్తారు. ఎడిటింగ్ లేకుండా టీఈ 97తో ప్రెస్ వాడే పద్ధతి కూడా ఉంది.

కానీ బయాప్సీ బదులు ఇది చాలదు. గడ్డ చిన్నదైనా, రక్తం కారి ఉన్నా, ఎముకకి దగ్గరగా ఉన్నా స్పెక్ట్రం పాడవుతుంది. సిగ్నల్ కనబడలేదంటే మార్పు లేదని అర్థం కాదు. 2021 డబ్ల్యూహెచ్‌వో వర్గీకరణలో గ్లయోమా పేరు పెట్టడానికే ఐడీహెచ్‌తో పాటు ఇతర జన్యు పరీక్షలు కావాలి, వాటికి కణజాలం కావాల్సిందే. ఆపరేషన్ కూడా రకం తెలుసుకోవడానికి మాత్రమే కాదు, గడ్డని వీలైనంత తీసేయడం వల్ల రోగికి మేలు. ఐడీహెచ్ మార్పు ఉన్న గ్రేడ్ 2 గడ్డలకి ఆపరేషన్ తర్వాత వాడే వోరాసిడెనిబ్ అనే మాత్రకి 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది, కాబట్టి ఐడీహెచ్ సంగతి కచ్చితంగా తేలడం మీ బావకే మంచిది. న్యూరోసర్జన్‌ని నేరుగా అడగండి, ఐడీహెచ్ పరీక్ష పంపుతున్నారా అని.

ఆర్కే_నల్గొండ:
చాలా కృతజ్ఞతలు మేడమ్. ఇది ప్రింట్ తీసి మా అక్కకి చూపిస్తాను.

వోక్సెల్_వాణి:
అప్‌డేట్. వరస మార్చాం. ముందు టీ1 ఇమేజ్ (మెదడు ఆకారం చూపే మామూలు బొమ్మ), వెంటనే స్పెక్ట్రోస్కోపీ, ఆ తర్వాతే ఎఫ్‌ఎంఆర్‌ఐ, డీటీఐ. డ్రిఫ్ట్ గీత అడ్డంగా వస్తోంది, 3.2 దగ్గర మెలిక పోయింది, గాబా రెండు కొమ్ములూ విడిగా కనిపిస్తున్నాయి! పాత స్కాన్లలో డ్రిఫ్ట్ మరీ ఎక్కువున్నవాటిని తీసేసి, మిగిలినవాటిని రిజిస్ట్రేషన్ చేసి, జారుడు ఎంతుందో టేబుల్‌లో రాస్తున్నాం. పేరు గాబా ప్లస్ అనే పెడుతున్నాం, గైడ్ సర్ కూడా సరేనన్నారు.

ఇప్పుడు అదే సెషన్‌లో గ్లూటాథయోన్ (మెదడులోని ఒక యాంటీఆక్సిడెంట్) కూడా తీద్దామని ఆలోచన. మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ వాళ్లు అల్జీమర్స్‌లో గ్లూటాథయోన్ తగ్గుతోందని మెగా-ప్రెస్‌తో చేసిన పేపర్లు చదివాక ఆసక్తి కలిగింది. హెర్మీస్ అనే ఎడిటింగ్ పద్ధతి పెడితే గాబా, గ్లూటాథయోన్ రెండూ ఒకే స్కాన్‌లో వస్తాయంటున్నారు. పెట్టొచ్చా?

జె_కప్లింగ్:
సంతోషం వాణి గారూ. హెర్మీస్‌లో నాలుగు రకాల షాట్లు ఉంటాయి: 1.9, 4.56 రెండూ ఆన్, 1.9 ఒక్కటే, 4.56 ఒక్కటే, ఏదీ లేదు. నాలుగింటినీ కూడికలు తీసివేతలుగా కలిపితే ఒక కలయికలో గాబా, ఇంకో కలయికలో గ్లూటాథయోన్ వస్తాయి. విడివిడిగా రెండు మెగా-ప్రెస్‌లు చేసే సమయంలో సగం మిగులుతుంది. మనుషుల్ని స్కానర్‌లో పడుకోబెట్టేవాళ్లకి ఇది పెద్ద మేలు.

రెండు జాగ్రత్తలు. గ్లూటాథయోన్ ఒక్కదాని కోసమైతే టీఈ 120 దగ్గర ఎడిటింగ్ బాగా వస్తుంది, గాబాకి 68 బాగుంటుంది. హెర్మీస్‌లో రెండింటికీ మధ్యలో 80 వాడతారు, కాబట్టి మీ పాత 68 సంఖ్యలతో కొత్తవాటిని కలిపి ఒకే గ్రాఫ్‌లో పెట్టకండి. ఇక 4.56కి నీటి పీక్ 0.1 పీపీఎం పైచిలుకు దూరంలోనే ఉంది. ఎడిటింగ్ పల్స్ ఆన్‌లో నీటిని కూడా నొక్కేస్తుంది, ఆఫ్‌లో నొక్కదు. నీటి అణచివేత సరిగ్గా లేకపోతే ఆ తేడా 2.95 దగ్గర గ్లూటాథయోన్ కింద బేస్‌లైన్‌ని లాగేస్తుంది.

కన్సోల్_కిరణ్:
అయితే వాణి గారూ, ఆ స్కాన్‌కి ముందు షిమ్మింగ్ మళ్లీ చేయించండి, ఆటోమేటిక్ షిమ్ వచ్చిందే చాలనుకోవద్దు. నీటి పీక్ లైన్‌విడ్త్ ప్రతి వాలంటీర్‌కీ రాసిపెట్టుకోండి. వోక్సెల్ పుర్రె అంచుకి తగలకుండా కొంచెం లోపలికి పెట్టండి, తల చర్మం కింది కొవ్వు లోపలికి వస్తే ఇక ఆ స్కాన్ మళ్లీ తీయాల్సిందే.

వోక్సెల్_వాణి:
అలాగే. మొదటి హెర్మీస్ ఫాంటమ్ మీద తీసి, నాలుగు షాట్లనీ విడివిడిగా ఇక్కడే పెడతాను.